పిల్లలలో వెన్నుపాము వాపు

వెన్నుపాము వాపు లేదా వెన్నుపాము శోథ అనేది వెన్నుపాములో కొంత భాగం శోథకు లోనై, అక్కడి నాడీకణాలు, నాడీతంతువులు పనిచేయకపోవడం వలన కలిగే వ్యాధి. ఆంగ్ల వైద్య పరిభాషలో దీనిని మైలైటిస్ అంటారు. పిల్లలలో ఇది తరచుగా జలుబు, జ్వరం, విరేచనాలు వంటి సాధారణ వైరస్ వ్యాధి సోకిన కొద్ది రోజులకు గాని, రెండు మూడు వారాలకు గాని వస్తుంది. అంతవరకు ఆడుతూ తిరిగిన పిల్లవాడు కొన్ని గంటలలో లేక కొన్ని రోజులలో కాళ్ళు చచ్చుబడి నడవలేకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, స్పర్శ తెలియకపోవడం దీని ప్రధాన లక్షణాలు. ఇది అరుదైన వ్యాధి. అన్ని వయసుల వారినీ కలిపి చూస్తే పది లక్షల జనాభాకు ఏటా 1 నుంచి 8 మందికి వస్తుందని అంచనా. వారిలో సుమారు ఐదవ వంతు పిల్లలు. అరుదైనదైనా ఇది అత్యవసర వ్యాధి. తొలి రోజులలో జరిగే పరీక్షలు, చికిత్స, సంరక్షణలు ఆ బిడ్డ తరువాతి జీవితాన్ని ప్రభావితం చేస్తాయి.

పేరు

గ్రీకు భాషలో మైలోస్ అంటే మూలుగ. ఎముక గొట్టంలో మూలుగ ఉన్నట్లే వెన్నెముక గొట్టంలో వెన్నుపాము ఉండటం వలన ఆ పేరు దానికి కూడా వచ్చింది. పదం చివర ఐటిస్ అని చేరితే శోథ అని అర్థం. శోథ వెన్నుపాముకు అడ్డంగా రెండు పక్కలకూ వ్యాపించినప్పుడు దానిని ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారు. పోలియో వ్యాధి పూర్తి పేరు పోలియోమైలైటిస్. పోలియోస్ అంటే బూడిద రంగు. అనగా వెన్నుపాములోని బూడిద రంగు పదార్థానికి వచ్చే శోథ అని ఆ పేరుకు అర్థం. ఈ రకంగా పోలియో కూడా వైరస్ వలన పిల్లలకు వచ్చే వెన్నుపాము వాపులలో ఒకటి.

వెన్నుపాము నిర్మాణం

ఈ వ్యాధి లక్షణాలు అర్థం కావాలంటే వెన్నుపాము నిర్మాణం కొంత తెలియాలి. పెద్దవారిలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అది మెదడు అడుగుభాగం నుంచి మొదలై నడుము వెన్నుపూసలలో మొదటి లేక రెండవ పూస వద్ద ముగుస్తుంది. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. వీటిలో మెడ భాగంలో 8, రొమ్ము భాగంలో 12, నడుము భాగంలో 5, త్రిక భాగంలో 5, అనుత్రిక భాగంలో 1 జత ఉంటాయి.

వెన్నుపామును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిద రంగు పదార్థం, దాని చుట్టూ తెల్లని పదార్థం కనిపిస్తాయి. బూడిద రంగు పదార్థపు ముందు కొమ్ములలో కండరాలను కదిలించే చాలక నాడీకణాలు ఉంటాయి. తెల్లని పదార్థంలో మెదడు నుంచి కిందికి ఆజ్ఞలను, శరీరం నుంచి పైకి స్పర్శ, నొప్పి, వేడి, చలి మొదలైన సంవేదనలను చేరవేసే తంతువులు ఉంటాయి. ఈ తంతువులలో చాలావాటికి మైలిన్ అనే కొవ్వు పదార్థపు తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాంటిదో, నాడీ తంతువుకు మైలిన్ అలాంటిది. అది దెబ్బతింటే సంకేతాలు మందగిస్తాయి, లేదా పూర్తిగా నిలిచిపోతాయి.

వెన్నుపాము చిటికెనవేలంత మందమే ఉండటం వలన చిన్న ప్రదేశంలో వచ్చిన వాపు కూడా ఆ కింది భాగమంతటిపై ప్రభావం చూపుతుంది. శోథ రొమ్ము భాగంలో వస్తే కాళ్ళు మాత్రమే చచ్చుబడతాయి. మెడ భాగంలో వస్తే చేతులు కూడా చచ్చుబడతాయి. శ్వాసక్రియకు ముఖ్యమైన ఉదరవితానానికి నాడులు మెడ భాగంలోని 3, 4, 5 ఖండాల నుంచి వెళ్తాయి. అందుచేత ఆ భాగంలో శోథ వస్తే ఊపిరి ఆడటం కష్టమై ప్రాణాపాయం కలగవచ్చు.

వ్యాధి కలిగే విధానం

వైరస్ సోకిన తరువాత వెన్నుపాము రెండు విధాలుగా దెబ్బతింటుంది.

మొదటిది, వైరస్ స్వయంగా నాడీకణాలలోకి ప్రవేశించి వాటిని నాశనం చేయడం. పోలియో వైరస్ ముందు కొమ్ములలోని చాలక కణాలను ఈ విధంగానే చంపుతుంది. నశించిన నాడీకణాలు తిరిగి పుట్టవు. కనుక ఈ రకంలో బలహీనత చాలావరకు మిగిలిపోతుంది.

రెండవది, శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కణజాలం పైనే దాడి చేయడం. వైరస్‌ను ఎదుర్కొనడానికి శరీరం ప్రతిరక్షకాలను, ప్రత్యేక తెల్లకణాలను తయారు చేస్తుంది. వైరస్ పైన ఉండే కొన్ని మాంసకృత్తులు వెన్నుపాములోని మాంసకృత్తులను పోలి ఉన్నప్పుడు, శత్రువు కోసం తయారైన ఆయుధం సొంత ఇంటిపై పడుతుంది. వైరస్ వ్యాధి తగ్గిన వారం, రెండు వారాల తరువాత, బిడ్డ కోలుకున్నాడని అందరూ అనుకుంటున్న సమయంలో కాళ్ళ బలహీనత మొదలు కావడానికి కారణం ఇదే. ప్రతిరక్షకాలు తయారు కావడానికి అంత వ్యవధి పడుతుంది. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ ఎక్కువగా ఈ రెండవ విధంగా కలుగుతుంది.

పిల్లలలో సగానికి పైగా సందర్భాలలో వ్యాధికి ముందు మూడు వారాలలోపు ఏదో ఒక జ్వరం వచ్చిన చరిత్ర ఉంటుంది. అయితే ఆ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి ఏదో చాలామందిలో బయటపడదు. వెన్నుపాము వాపు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దానికి ముందు వచ్చిన వైరస్ అంటుకోవచ్చు గాని, అది సోకిన వారిలో అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటారు.

సంబంధమున్న సూక్ష్మజీవులు

వెన్నుపాము వాపుతో సంబంధం ఉన్నట్లు గుర్తించిన వాటిలో ముఖ్యమైనవి:

* ఎంటెరోవైరస్‌లు: పోలియో వైరస్ ఈ కుటుంబానిదే. ఎంటెరోవైరస్ ఏ71 చేయి-కాలు-నోటి వ్యాధిని కలిగిస్తుంది. 1998లో తైవాన్‌లో ఇది వ్యాపించినప్పుడు 78 మంది పిల్లలు మరణించారు. ఎంటెరోవైరస్ డి68 జలుబు, ఆయాసం కలిగిస్తుంది.
* హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు: ఆటలమ్మను కలిగించే వైరస్, ఎప్‌స్టైన్-బార్ వైరస్, సైటోమెగాలో వైరస్.
* తట్టు, గవదబిళ్ళలు, ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు.
* దోమల ద్వారా వ్యాపించే వైరస్‌లు: డెంగీ, జపనీస్ ఎన్‌కెఫలైటిస్, వెస్ట్ నైల్. తెలుగువారు మెదడువాపు వ్యాధిగా పిలిచే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ కొందరు పిల్లలలో పోలియో వంటి అవయవ బలహీనతను కూడా కలిగిస్తుంది.
* కోవిడ్-19ను కలిగించే కరోనా వైరస్.
* వైరస్ కాకపోయినా, మైకోప్లాస్మా న్యుమోనియే అనే బాక్టీరియా కూడా పిల్లలలో ఇటువంటి పరిస్థితికి కారణం కాగలదు.

లక్షణాలు

వ్యాధి తరచుగా వెన్నునొప్పి, మెడనొప్పి లేక కాళ్ళ నొప్పులతో మొదలవుతుంది. తరువాత కింది లక్షణాలు కనిపిస్తాయి.

* కాళ్ళలో, కొన్నిసార్లు చేతులలో కూడా బలహీనత. మొదట తూలి నడవడం, పడిపోవడం, ఆ తరువాత నిలబడలేకపోవడం.
* తిమ్మిరి, మంటలు, స్పర్శ తగ్గడం. పొట్ట మీదో, రొమ్ము మీదో ఒక గీత గీసినట్లుగా దాని కింద స్పర్శ తెలియదు. ఈ గీత బొడ్డు వద్ద ఉంటే శోథ రొమ్ము భాగపు పదవ ఖండం ప్రాంతంలో ఉన్నదని వైద్యులు అంచనా వేస్తారు.
* నడుముకో, పొట్టకో బిగుతుగా పట్టీ కట్టినట్లు అనిపించడం.
* మూత్రం నిలిచిపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలబద్ధకం.

చిన్నపిల్లలు తిమ్మిరి, స్పర్శ వంటి వాటిని చెప్పలేరు. కారణం లేకుండా ఏడవడం, ఎత్తుకుంటే నొప్పితో కేకలు వేయడం, నడక వచ్చిన బిడ్డ నేల మీద కాలు మోపకపోవడం, చాలా గంటలు మూత్రం పోయకపోవడం, పొత్తికడుపు ఉబ్బడం గమనించవలసిన గుర్తులు. దీనిని మొండితనమనో, జ్వరం వలన వచ్చిన నీరసమనో భావించి ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్న బిడ్డ కాలును కదిలించగలడు. చచ్చుబడిన కాలును కదిలించలేడు. కాళ్ళ బలహీనతతో పాటు మూత్రం నిలిచిపోతే అది వెన్నుపాము వ్యాధికి బలమైన సూచన.

బలహీనత సాధారణంగా 4 గంటల నుంచి 21 రోజులలోపు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. పిల్లలలో ఎక్కువమందికి ఇది కొద్ది రోజులలోనే జరుగుతుంది. మొదటి దశలో కాళ్ళు వదులుగా వేలాడుతూ, మోకాలి వద్ద సుత్తితో తట్టినా ప్రతీకార చర్య కనిపించదు. కొన్ని రోజులు లేక వారాల తరువాత అవే కాళ్ళు బిగుసుకుపోయి, ప్రతీకార చర్యలు మితిమీరుతాయి.

తీవ్ర శిథిల మైలైటిస్

శోథ ప్రధానంగా బూడిద రంగు పదార్థానికే పరిమితమైనప్పుడు పోలియోను పోలిన వ్యాధి కలుగుతుంది. దీనిని ఆంగ్లంలో అక్యూట్ ఫ్లాసిడ్ మైలైటిస్ అంటారు. 2014లో అమెరికాలో ఎంటెరోవైరస్ డి68 విస్తృతంగా వ్యాపించినప్పుడు పోలియో వ్యాధి లేని పిల్లలలో అవయవాలు అకస్మాత్తుగా చచ్చుబడటం గమనించి, ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఈ వ్యాధిపై నిఘా ప్రారంభించాయి. నిర్ధారించిన వ్యాధిగ్రస్తుల సంఖ్య 2014లో 120, 2016లో 153, 2018లో 238. వీరిలో అత్యధికులు చిన్నపిల్లలు. ఏడాది విడిచి ఏడాది, ఆగస్టు-నవంబరు నెలల మధ్య వ్యాధి పెరగడం ఈ కాలంలో కనిపించింది. 2020లో కోవిడ్ నియంత్రణ చర్యల వలన వైరస్‌ల వ్యాప్తి తగ్గి, ఎదురుచూసిన పెరుగుదల రాలేదు. 2022లో డి68 వైరస్ తిరిగి వ్యాపించినా ఈ పక్షవాతం మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు.

డి68 వైరస్ కొత్తది కాదు. దీనిని మొదట 1962లో కాలిఫోర్నియాలో ఊపిరితిత్తుల వ్యాధితో ఉన్న పిల్లల నుంచి వేరుచేశారు. ఇది కలిగించే పక్షవాతంలో బలహీనత ఒకవైపు ఎక్కువగా, తరచు కాళ్ళ కంటే చేతులలో, భుజం వద్ద ఎక్కువగా ఉంటుంది. స్పర్శ చాలావరకు నిలిచి ఉంటుంది. కొందరికి ముఖం వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం కూడా ఉంటాయి.

వ్యాధి నిర్ధారణ

మొదట తేల్చవలసినది వెన్నుపాము పైన బయటి నుంచి ఒత్తిడి ఉన్నదా అన్నది. వెన్నుపూస క్షయ, చీముగడ్డ, కంతి, రక్తస్రావం, దెబ్బ తగిలి పూస జరగడం వంటివి వెన్నుపామును నొక్కి ఇవే లక్షణాలను కలిగించగలవు. వాటిలో కొన్నింటికి వెంటనే శస్త్రచికిత్స అవసరం. వెన్నుపూస క్షయ భారతదేశంలో ఇప్పటికీ కనిపించే వ్యాధి కనుక ఈ విషయం ఇక్కడ మరింత ముఖ్యం.

ఎం.ఆర్.ఐ. పరీక్ష: వెన్నుపాము మొత్తానికీ, మెదడుకూ ఈ పరీక్ష చేస్తారు. ఇది ఒత్తిడి ఉన్నదీ లేనిదీ చూపుతుంది, శోథ ఉన్న చోటును కూడా చూపుతుంది. పిల్లలలో శోథ తరచుగా మూడు లేక అంతకంటే ఎక్కువ వెన్నుపూసల పొడవున వ్యాపించి ఉంటుంది. మొదటి ఒకటి రెండు రోజులలో చిత్రం మామూలుగా ఉండవచ్చు. అటువంటప్పుడు కొద్ది రోజుల తరువాత పరీక్షను మళ్ళీ చేస్తారు.

మస్తిష్క మేరుద్రవ పరీక్ష: నడుము వెన్నుపూసల మధ్య నుంచి సూదితో నీరు తీసి పరీక్షిస్తారు. తెల్లకణాలు పెరిగి ఉంటే శోథ ఉన్నదని తెలుస్తుంది. వెన్నుపాము ముగిసిన చోటుకు కింద సూది వేస్తారు కనుక ఈ పరీక్ష వలన వెన్నుపాముకు గాయం కాదు.

రక్త పరీక్షలు: ఆక్వాపోరిన్-4 అనే మాంసకృత్తిపై, మైలిన్ తొడుగులో ఉండే మాగ్ అనే మాంసకృత్తిపై ప్రతిరక్షకాలు ఉన్నాయేమో చూస్తారు. ఇవి ఉంటే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉంటుంది. ఆక్వాపోరిన్ ప్రతిరక్షకాలను 2004లో గుర్తించడంతో, అంతకు ముందు వెన్నుపాము వాపు అని మాత్రమే పిలిచిన కొన్ని సందర్భాలు న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే ప్రత్యేక వ్యాధి అని తేలింది.

వైరస్ పరీక్షలు: గొంతు, ముక్కు స్రావాలలోనూ, మలంలోనూ వైరస్ కోసం వెదుకుతారు. డి68 వైరస్ మేరుద్రవంలో చాలా అరుదుగా దొరుకుతుంది. కనుక ముక్కు నుంచి నమూనా తొలి రోజులలోనే తీయడం అవసరం.

ఈ వ్యాధిని పోలిన వాటిలో గిలాన్-బారీ సిండ్రోమ్ ముఖ్యమైనది. అది వెన్నుపాముకు కాక, దాని నుంచి బయలుదేరిన నాడులకు వచ్చే వ్యాధి. అందులో బలహీనత పాదాల నుంచి పైకి పాకుతుంది, పొట్ట మీద స్పర్శ గీత ఉండదు, మూత్రం తొలిదశలో సాధారణంగా నిలిచిపోదు. మేరుద్రవంలో మాంసకృత్తులు పెరిగినా కణాలు పెరగవు.

చికిత్స

ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌లో మొదటి మందు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. శరీరపు బరువులో ప్రతి కిలోకు 30 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకు 1 గ్రాముకు మించకుండా, సాధారణంగా 3 నుంచి 5 రోజులు సిరలోకి ఎక్కిస్తారు. ఆ తరువాత కొన్ని వారాలపాటు నోటి ద్వారా ఇస్తూ క్రమంగా తగ్గిస్తారు. గుణం కనిపించకపోతే రక్తంలోని ప్లాస్మాను తీసి హానికరమైన ప్రతిరక్షకాలను తొలగించే ప్లాస్మా మార్పిడి, లేదా సిర ద్వారా ఇమ్యునోగ్లోబ్యులిన్‌లు ఇవ్వడం చేస్తారు. వ్యాధి అరుదైనది కావడంతో పెద్ద ఎత్తున పోల్చి చూసిన పరిశోధనలు లేవు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌లపై బ్రిటన్‌లో ప్రారంభించిన ఒక పరిశోధన తగినంతమంది రోగులు చేరకపోవడంతో మధ్యలోనే ఆగిపోయింది.

తీవ్ర శిథిల మైలైటిస్‌కు నిరూపితమైన మందు లేదు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌లు తరచు ఇస్తారు. శ్వాసను, మింగడాన్ని కనిపెట్టి ఉండి, అవసరమైతే కృత్రిమ శ్వాస కల్పించడం ప్రధాన చికిత్స. కొన్ని నెలల తరువాత కూడా కండరం కదలకపోతే, బాగున్న నాడిని మళ్ళించి ఆ కండరానికి కలిపే శస్త్రచికిత్సను కొన్ని కేంద్రాలలో చేస్తున్నారు.

సంరక్షణ

మందుల వలె సంరక్షణ కూడా ముఖ్యం. దీనిలో కుటుంబానిదే పెద్ద పాత్ర.

మూత్రం నిలిచిపోతే సంచి సాగిపోయి, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందువలన కాథెటర్ గొట్టం ద్వారా మూత్రం తీయాలి. దీర్ఘకాలం అవసరమైతే రోజుకు నాలుగైదు సార్లు శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసివేసే పద్ధతిని తల్లిదండ్రులకు నేర్పుతారు. ఎదిగిన పిల్లలు తామే నేర్చుకోగలరు.

స్పర్శ లేని చోట నొప్పి తెలియదు. ఒకే వైపు పడుకోబెడితే పడక పుండ్లు పడతాయి. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. వేడినీటి సంచులు, కాపడం పెట్టడం వంటివి చేస్తే బిడ్డకు తెలియకుండానే కాలిన గాయాలు అవుతాయి. కనుక అవి కూడదు.

కీళ్ళు బిగుసుకుపోకుండా మొదటి రోజుల నుంచే వ్యాయామ చికిత్స మొదలు పెడతారు. తరువాత పాదాలకు కట్టులు, చేతికర్రలు, చక్రాల కుర్చీ మొదలైన వాటితో కదలిక నేర్పుతారు. బిగుసుకుపోయిన కండరాలకు బాక్లోఫెన్ వంటి మందులు ఇస్తారు. పెరిగే వయసు కనుక వెన్నెముక పక్కకు వంగుతున్నదేమో, తుంటి కీలు జారుతున్నదేమో ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉండాలి.

కోలుకోవడం

ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ వచ్చిన పిల్లలు పెద్దల కంటే మెరుగుగా కోలుకుంటారు. సుమారు సగం మంది పూర్తిగా గాని, స్వల్ప లోపాలతో గాని కోలుకుంటారు. మిగిలినవారిలో వేర్వేరు స్థాయిలలో లోపాలు ఉండిపోతాయి. నడక వచ్చిన తరువాత కూడా చాలామందిలో మిగిలేది మూత్రాశయ సమస్య. మెరుగుదల సాధారణంగా మొదటి కొన్ని వారాలలో మొదలై, రెండు సంవత్సరాల వరకు కొనసాగవచ్చు. మూడేళ్ళలోపు వయసు, గంటలలోనే పూర్తిగా చచ్చుబడటం, శోథ మెడ భాగంలో ఉండటం, శ్వాసకు వెంటిలేటర్ అవసరం కావడం తక్కువ కోలుకునే సూచనలు.

లోపాలు మిగిలిన పిల్లల తెలివితేటలకు ఈ వ్యాధి వలన హాని ఉండదు. వారు బడి మానవలసిన అవసరం లేదు. కావలసినవి వాలుదారి, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, మూత్రం తీసుకోవడానికి కొంత ఏకాంతం. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వీరికి చదువులో, సదుపాయాలలో హక్కులు కల్పించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వైకల్య ధ్రువపత్రాలను సదరం శిబిరాల ద్వారా ఇస్తారు.

పోలియో నిఘాతో సంబంధం

భారతదేశంలో 15 ఏళ్ళలోపు బిడ్డకు ఏ అవయవమైనా అకస్మాత్తుగా వదులుగా చచ్చుబడితే, కారణం ఏదైనప్పటికీ, ఆరోగ్య శాఖకు వెంటనే తెలపాలి. ఈ నిఘా 1997లో ప్రారంభమైంది. పక్షవాతం మొదలైన 14 రోజులలోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు సేకరించి, చల్లదనం చెడకుండా ప్రయోగశాలకు పంపుతారు. 60 రోజుల తరువాత బిడ్డను మళ్ళీ పరీక్షిస్తారు.

దేశంలో సహజ పోలియో వైరస్ వలన వచ్చిన చివరి వ్యాధి 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితంగా ప్రకటించబడింది. అయినా నిఘా కొనసాగుతున్నది. లక్షమంది పిల్లలలో ఏటా కనీసం ఒకరికైనా పోలియో కాని ఇటువంటి పక్షవాతం నమోదు కావాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంతకంటే తక్కువగా నమోదైతే వ్యాధులు లేవని కాదు, నిఘా సరిగా లేదని అర్థం. వెన్నుపాము వాపు ఈ లెక్కలోకి వచ్చే వ్యాధులలో ఒకటి. మల నమూనా అడిగినంత మాత్రాన బిడ్డకు పోలియో ఉన్నదని తల్లిదండ్రులు భయపడనక్కరలేదు.

చరిత్ర

వెన్నుపాము మెత్తబడి పక్షవాతం కలగడాన్ని 19వ శతాబ్దపు వైద్యులే వర్ణించారు. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అనే పేరును 1948లో లండన్ వైద్యుడు సుచెట్-కే, న్యుమోనియా తరువాత కాళ్ళు చచ్చుబడిన రోగి గురించి రాస్తూ వాడాడు. వ్యాధి నిర్ధారణకు అంతర్జాతీయ ప్రమాణాలు 2002లో వెలువడ్డాయి.

రక్షణ వ్యవస్థ పొరబాటు వలన ఈ వ్యాధి వస్తుందనడానికి పాత కుక్కకాటు టీకా ఒక నిదర్శనం. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన ఈ టీకాను గొర్రె మెదడు నుంచి తయారు చేసేవారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులుగా తెలుగునాట పెద్దలకు గుర్తున్నది ఇదే. ఆ టీకాలోని మైలిన్ వలన కొద్దిమందిలో వెన్నుపాము, మెదడు శోథకు లోనయ్యేవి. భారతదేశంలో దీని ఉత్పత్తిని 2004 చివర నిలిపివేశారు. ఆ తరువాత వాడుతున్న కణవర్ధన టీకాలలో నాడీకణజాలం ఉండదు.

నివారణ

వెన్నుపాము వాపును పూర్తిగా నివారించే మార్గం లేదు. కానీ దానికి దారితీసే కొన్ని వైరస్‌లను అడ్డుకోవచ్చు. పోలియో, తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ, జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌లకు టీకాలు ఉన్నాయి. ఎంటెరోవైరస్ ఏ71కు చైనాలో 2015 నుంచి టీకాలకు అనుమతి ఉంది. డి68కు టీకా లేదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, దగ్గేటప్పుడు నోరు కప్పుకోవడం, దోమలు కుట్టకుండా చూసుకోవడం ఉపయోగపడతాయి. జ్వరంలో ఉన్న బిడ్డకు అవసరం లేకుండా కండరంలోకి సూదిమందు వేయడం మంచిది కాదు. పోలియో వైరస్ సోకి ఉన్న బిడ్డకు ఇటువంటి సూదులు ఆ అవయవానికి పక్షవాతం తెచ్చే అవకాశాన్ని పెంచుతాయని ఏనాడో రుజువైంది.

జ్వరం తగ్గిన బిడ్డ నడవలేకపోయినా, చేయి ఎత్తలేకపోయినా, మూత్రం పోయలేకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా మరునాటి వరకు వేచి ఉండక, ఎం.ఆర్.ఐ., పిల్లల అత్యవసర చికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి ఆ రోజే తీసుకొని వెళ్ళాలి.